స్టేషన్‌కి రాని పిచ్చుక

మా రైల్వే కాలనీలో పిచ్చుకలు ఎర్రగా ఉంటాయి. కొంగలూ ఎర్రగానే ఉంటాయి. ఆరేసిన పంచె, వీధికుక్క, ఆఫీసు గోడ మీది దేవుడి పటం, ఏదైనా సరే రెండు నెలలు వదిలేస్తే ఎర్రబడుతుంది. మా రాష్ట్రం దాటి గనుల దాకా పోయే ఈ కిరండూల్ లైను మీద పగలూ రాత్రీ ఇనుప ఖనిజం నింపుకుని వ్యాగన్లు పోతుంటాయి. వాటి వెనకాల లేచిన ధూళి తిరిగి తిరిగి మా మీదే వాలుతుంది. ఇరవై ఏడేళ్ళు తుడిచాను. రిటైరై కాలనీ పక్కనే ఇల్లు తీసుకున్నాక ఇంక నా వల్ల కాక మానేశాను.

పోయిన నెల మా మేనకోడలి కూతురు విజయనగరం నుంచి వచ్చింది. వంటింటి కిటికీ మీద వాలిన పిచ్చుకని ఫోనులో ఫోటో తీసి, ఇదేం పిట్టో చెప్పమని ఆ ఫోనునే అడిగింది. అది ఏదో నోరు తిరగని పేరు చెప్పింది. పిల్ల సంబరానికి పట్టపగ్గాల్లేవు, ఎక్కడా కనపడని పిట్ట తాతయ్య ఇంటికొచ్చిందని. నేను లేచి వెళ్ళి, తడిగుడ్డతో కిటికీ చువ్వ తుడిచి, ఆ గుడ్డ చూపించాను. పిట్ట మీదున్న ఎరుపూ, గుడ్డకి అంటిన ఎరుపూ ఒకటే. "ఇక్కడ రంగు నమ్మకే తల్లీ," అన్నాను.

అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదని. అది మా కీమేన్ మాట. నాలుగు రోజులు తిరక్కుండానే మా రిటైరైన వాళ్ళ గ్రూపులో మెసేజీ వచ్చింది, ఆయన శ్రీకాకుళం దగ్గర సొంతూళ్ళో పోయాడని. అన్నం తింటున్నాను. సగంలో లేచాను. చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంటే మా ఆవిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను.

కీమేన్ అంటే తెలియని వాళ్ళకి చెప్పాలి. తెల్లవారగానే సుత్తి, పానా భుజాన వేసుకుని తన బీటు మొత్తం నడుస్తాడు. పట్టాని స్లీపరుకి బిగించే క్లిప్పుల్లో ఎక్కడ ఏది వదులైందో చూసుకుంటూ, వదులైనదాన్ని కొట్టి బిగిస్తూ పోతాడు. ఆయన బీటు ఆరు కిలోమీటర్లు. పోవడం ఆరు, రావడం ఆరు. నేను ఈ సెక్షన్ ఆఫీసులో గుమస్తాగా చేరేనాటికే ఆయన నడుస్తున్నాడు. నేను బల్ల ముందు కూర్చుని ముసలివాణ్ణవుతుంటే ఆయన నడుస్తూ ముసలివాడయ్యాడు. ఇద్దరిదీ ఒకటే జిల్లా కాబట్టి నేను మావయ్యా అనేవాణ్ణి. ఆయన నన్ను మాత్రం చివరిదాకా బాబూ అనే పిలిచాడు, నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడై ఉండి.

పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉండేది, సుత్తి బరువుకి. దేన్నైనా కొట్టి వినడం ఆయనకి అలవాటు. పట్టాని కొట్టి వినడం ఉద్యోగం, సరే. సంతలో గుమ్మడికాయని వేలితో కొట్టి చెవి ఆనించేవాడు. ఆఫీసుకి కొత్త బల్ల వస్తే దాన్నీ కొట్టి, "సెక్క పచ్చిది బాబూ, వంకరపోతాది," అన్నాడు. పోయింది. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు దగ్గు వచ్చి ఎంతకీ తగ్గలేదు. ఏదో కాగితం ఇవ్వడానికి ఇంటికి వచ్చిన ఈయన పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని, వీపు మీద రెండు వేళ్ళతో తట్టి విన్నాడు. లోపల తడి ఉంది, రేపటిదాకా ఆగొద్దు అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే నిమోనియా అన్నారు. ఆ పిల్లవాడికిప్పుడు పిల్లలు. ఈ సంగతి ఇక్కడెందుకు చెబుతున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

ఊళ్ళ పేర్లూ వీధుల పేర్లూ ఆయన నోట వచ్చేవి కావు. లైను పక్కన కరెంటు పోళ్ళకి నెంబర్లుంటాయి కదా, ఆయన లోకమంతా ఆ నెంబర్ల మీదే ఉండేది. వంకాయలు ఎక్కడ కొన్నావు మావయ్యా అంటే ఇరవై రెండో పోలు కాడ. పాము ఎక్కడ కనపడింది అంటే ఐదో పోలు దాటేక. కూతురి పెళ్ళి ఊసు ఎత్తితే కూడా, సంబంధం ఖాయమైన కబురు తనకి తొమ్మిదో పోలు కాడ అందిందనే మొదలుపెట్టేవాడు.

ఇంకోటి, కాగితం. ఆఫీసు నుంచి ఏ కాగితం వెళ్ళినా తలకి ఆనించుకుని జేబులో పెట్టుకునేవాడు. ఒకసారి నేను తేదీ వెయ్యడంలో పొరపడ్డాను. ఫలానా పోలు దగ్గర తనిఖీకి హాజరు కావాలని రాసి, ఆదివారం తేదీ వేశాను. సెలవు రోజున ఎవరొస్తారు? ఆయన వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, ఎవరూ రాకపోతే తిరిగొచ్చాడు. తప్పు పడిందని తెలియలేదా మావయ్యా అని నేనే ఎదురు విసుక్కున్నాను. "తెలుసు బాబూ. కాయితంలో ఉంది కదా," అన్నాడు. వెటకారం కాదు. ఆయనకి వెటకారం చేతకాదు.

పిట్టల సంగతి ఆయనకి ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్ళు ఒకే దారిన, అదీ ఉదయం పూట నడిస్తే కళ్ళున్నవాడికి ఏవో కనపడతాయి. అయితే ఏది చూసినా ఆయన ముందు రంగు చెప్పేవాడు కాదు. ముక్కు ఎలా ఉంది, తోక ఎంత, ఎక్కడ వాలింది, ఏం తింటోంది, ఇవి చెప్పేవాడు. రంగు నమ్మొద్దు బాబూ ఇక్కడ, అనేవాడు. స్టేషన్ మాస్టరు ఒకాయన ఎర్ర పావురాన్ని చూశానని గొప్పగా చెప్పుకు తిరిగితే, ఈయన గ్లాసుడు నీళ్ళు తెచ్చి ప్లాట్‌ఫారం మీద పావురం రెట్టల పక్కన రాలిన ఈకని కడిగి చూపించాడు. బూడిదరంగు. ఆ మాస్టరు ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆయన బీటులో పదకొండో పోలు దగ్గర ఒక ఇప్పచెట్టు ఉండేది. పట్టాలకి దగ్గరగా, ముసలిది. ఇప్పపువ్వు రాలే ముందు చెట్ల కింద ఆకులకి నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకుంటారు ఇక్కడ. ఎప్పుడో అలా పెట్టిన నిప్పు మొదట్లోకి పాకి, పెద్ద తొర్ర పడింది. ఆ చెట్టు పువ్వు ఏరుకునే ఆవిడ తెలుగు సరిహద్దు దగ్గరి బాసగూడ నుంచి ఇటు కోడలిగా వచ్చింది. అందుకే తెలుగు మాట్లాడుతుంది. తొర్ర పడ్డాక ఆవిడ నిప్పు మానేసి చీపురుతో ఊడ్చుకునేది.

వానల ముందు పట్టాల మీద పడేలా ఉన్న చెట్లన్నీ కొట్టించాలి. ఏ చెట్టు ఎలా ఉందో చూసి రాసివ్వడం కీమేన్ పని. జాబితా తయారుచేసి చెట్లు కొట్టే గ్యాంగుకి పంపడం నా పని. ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాగితంలో ఆ చెట్టు కూడా ఉంది. పోలు పదకొండు, ఇప్ప, కింద తొర్ర, పట్టాల వైపు ఒరుగు. సుత్తితో కొట్టి విన్నాడట, లోపల డొల్ల ఎక్కువైందట. కాగితం ఇచ్చేసి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. ఏమిటి మావయ్యా అంటే, ఆ చెట్టు పైన చిన్న రంధ్రంలో పిచ్చిక గూడు కడుతోంది, పిల్లలు ఎగిరేదాకా ఆపగలరా అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పిచ్చుకే కదా మావయ్యా, అది ఇళ్ళ పిట్ట, ఈ చెట్టు పోతే స్టేషన్ చూరులోకి వస్తుంది, గూళ్ళకి ఏం తక్కువ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఆ పిచ్చిక కాదు బాబూ. ఇది అడవి పిచ్చిక. ఇంటి పిచ్చిక మనుసుల్ని ఒగ్గదు. ఇది సెట్టుని ఒగ్గదు."

చెట్టుని వదలని పిచ్చుకా, సరే చూద్దాం పదమని ఒక ఉదయం ఆయన వెంట నడిచాను. నేను అంత దూరం నడిచి ఏళ్ళయింది. పదకొండో పోలు చేరేసరికి నా పని అయిపోయింది. ఆఖరి పువ్వులు రాలుతున్నాయి. ఆవిడ బుట్టతో వంగి ఏరుకుంటోంది. కొమ్మ చివర ఒక పిచ్చుక పువ్వులో మూతి పెట్టి తాగుతోంది. సన్నగా ఉంది. ఆయన దాని ముక్కు చూడమన్నాడు. సన్నం, కొస తేలింది. వీపు మీద చారలు లేవు. భుజం దగ్గర ఇటుకరంగు పట్టీ. గొంతు కింద పసుపు మరక.

ఆ రోజు నాకు ఎండ తలకెక్కింది. తర్కం కూడా ఎక్కింది. మావయ్యా, నువ్వే కదా ఇక్కడ రంగు నమ్మొద్దంటావు అన్నాను. ఆ భుజం మీది ఎరుపు వ్యాగన్ ధూళి, మా కిటికీ మీద పిచ్చుకకీ ఉంది. గొంతు కింద పసుపు ఇప్ప పుప్పొడి, పొద్దున్నుంచి పువ్వుల్లోనే మూతి పెట్టి ఉంది కదా. ఆ రెండూ తీసేస్తే ఏం మిగిలింది? మన కాలనీ పిచ్చుక, కాస్త తిండి లేక చిక్కింది.

తన మాటే తన మీదికి వచ్చేసరికి న్యాయంగా ఆలోచించడం మొదలుపెట్టాడు, అదీ ఆయన తంటా. మళ్ళీ పిట్టవైపు చూసి, అవును, కావచ్చు అన్నాడు.

పువ్వు ఏరుకుంటున్న ఆవిడే నడుము పట్టుకుని లేచింది. "ఏంది సారూ, గిది ఇంటి పిట్ట ఎట్లైతది? మా వాకిట్ల గింజలు ఆరబోసినా ఒక్కనాడు రాదు. చెట్ల పొంటనే ఉంటది," అంది. నేను ఆవిడ మాట లెక్కలోకి తీసుకోలేదు. చెట్టు పోతే ఆవిడ పువ్వు పోతుంది, అందుకని చెబుతోంది అనుకున్నాను. ఆఫీసులో కూర్చుని కూర్చుని మనిషికి పట్టే బుద్ధి అది.

వెనక్కి వస్తూ ఉంటే ఆయన అడిగాడు. "ఒక్క వాన పడనీండి బాబూ. కడిగేత్తే తేలిపోతాది, ఆ రంగు దానిదో దుమ్ముదో."

వాన పడేలోపు కొట్టాల్సిన చెట్టు అది. అయినా ఆయన ముఖం చూసి, జాబితాలో దాన్ని చివర పెడతానన్నాను. పదమూడు చెట్లు. గ్యాంగు చివరిదాకా వచ్చేసరికి జూన్ వస్తుంది, పిల్లలు ఎగిరిపోతాయి, ఈలోగా ఓ జల్లు పడితే ఆయన ముచ్చటా తీరుతుంది. ఆయన సుత్తి భుజం మార్చుకున్నాడు. సంతోషం కలిగితే అలా భుజం మార్చేవాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన చేసింది తలుచుకుంటే నవ్వొస్తుంది. రోజూ రెండో సీసాతో నీళ్ళు మోసుకెళ్ళి, ఆ చెట్టు కింద రేకు మూతలో పోసేవాడు. పిట్ట దానంతట అది స్నానం చేస్తే రంగు తేలుతుందని. పట్టుకుని కడగవచ్చు కదా అని గ్యాంగువాళ్ళు వేళాకోళం చేస్తే, గూడు కట్టుకున్నదాన్ని ఎలా పడతామని కోప్పడ్డాడట. పిట్ట వచ్చేది. రెండు గుక్కలు నీళ్ళు తాగేది. తాగి, పక్కనే ఎర్రటి దుమ్ములోకి దిగి, రెక్కలు విదిలిస్తూ హాయిగా పొర్లేది. "స్నానం సెయ్యమంటే ఇంకా పూసుకుంటంది బాబూ," అని ఆయన ఆఫీసుకొచ్చి చెబితే, నేనూ మా ప్యూనూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆయనా నవ్వాడు.

ఆ ఏడు మామిడి జల్లు కూడా పడలేదు.

జాబితా రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. కరెంటు లేదు. బల్ల మీద కాగితాలు చెమటకి ముంజేతికి అంటుకుంటున్నాయి. చెట్ల జాబితా ఎప్పుడూ స్టేషన్ నుంచి దూరం వరసనే రాస్తాం. దగ్గరిది ముందు, దూరంది వెనక. చెయ్యి దానంతటదే ఆ వరసలో రాసుకుపోయింది. మూడో నెంబరు దగ్గర పోలు పదకొండు, ఇప్ప. రాశాక గుర్తొచ్చింది. కార్బన్లు పెట్టి రాసిన నాలుగు ప్రతులు. కొట్టేసి మళ్ళీ రాయాలి. పోనీలే అనుకున్నాను. కాలనీ పిచ్చుకే కదా, స్టేషన్‌కి వస్తుంది అనుకున్నాను. సంతకానికి లోపలికి పంపేశాను. మరిచిపోయి చేశానంటే నాకే తేలిగ్గా ఉండును. కానీ గుర్తొచ్చింది.

మే రెండో వారంలో ఒక సాయంత్రం ఆయన ఆఫీసుకి వచ్చాడు. తలగుడ్డ విప్పి రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. నా బల్ల మీద పెట్టి తెరిచాడు. ఎండుగడ్డి, మేక జుట్టు, నాలుగు ఈకలు. మధ్యలో మూడు గుడ్లు, గోధుమరంగు మరకలు కమ్మినవి. రెండు చితికిపోయాయి.

"పోలు పదకొండు. పని అయింది బాబూ."

ఇవి ఏ పిచ్చుకవి మావయ్యా, నువ్వన్నదానివేనా అని అడిగాను. ఔనని ఉంటే అయిపోయేది. నేను కాదనే స్థితిలో లేను. ఆయన చితకని గుడ్డుని వేలితో కాస్త తిప్పి చూశాడు. గుడ్డు చూసి చెప్పలేనని, తనకి తెలియదని అన్నాడు. మళ్ళీ గుడ్డ మూటగట్టుకుని వెళ్ళిపోయాడు.

జూన్‌లో వాన మొదలైంది. రెండు రోజులు ఏకధాటిగా కురిసి, మూడో రోజు ఉదయం తెరిపి ఇచ్చింది. కాలనీ అంతా కడిగిన గిన్నెలా ఉంది. మా కిటికీ మీద పిచ్చుకలు ఎరుపంతా పోయి, బూడిదా గోధుమా రంగుల్లో, మగవాటి గొంతు కింద నల్లమచ్చతో అచ్చం పిచ్చుకల్లా ఉన్నాయి. అప్పుడు ఆయన ప్యూను చేత కబురంపాడు, వీలైతే పదకొండో పోలు దాకా ఒక్కసారి రమ్మని.

వెళ్ళాను. బురద. చెట్టు ఉన్నచోట మొద్దు ఉంది, పైన ఆకాశం ఎక్కువైంది. ఆయన గొడుగు మూసి, సుత్తి పిడితో పైకి చూపించాడు. కరెంటు తీగ మీద ఒక పిచ్చుక. సన్నటి ముక్కు. రెండు రోజుల వాన కడిగినా దాని భుజం మీద ఇటుకరంగు పట్టీ అలాగే ఉంది. గొంతు కింద వేలికొసతో పెట్టినంత పసుపు. పువ్వుల కాలం పోయి నెలన్నర అయింది, పుప్పొడి ఎక్కడిది?

ఆయన చూశారా అనలేదు. నేను చెప్పానా అనలేదు. ఇద్దరం తడిసిన కంకర మీద నిలబడి పైకి చూశాం. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి, మరి ఇవి ఇప్పుడు ఎక్కడికి పోతాయి మావయ్యా అని అడిగాను.

"తెల్దు బాబూ. టేసన్‌కైతే రావు."

అక్కడితో ఊరుకోవలసింది. ఆయన అడగలేదు, నిందించలేదు. నేనే నోరు తెరిచాను. నేను జాబితాలో చివరే పెట్టాను మావయ్యా, గ్యాంగువాళ్ళు దగ్గర్లో ఉంది కదాని ముందే కొట్టేసినట్టున్నారు అన్నాను. నా పిల్లవాడి వీపు తట్టి విన్న మనిషితో అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అలాగా బాబూ," అన్నాడు. తరువాత వంగి, ఆ మొద్దుని సుత్తితో ఒకసారి మెల్లగా కొట్టి, విన్నాడు. ఏం వినపడిందో చెప్పలేదు. బీటు ఇంకా మిగిలుందని ముందుకు నడిచిపోయాడు.

నేను స్టేషన్ వైపు తిరిగాను. ఆరో పోలు దగ్గరికి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. గ్యాంగువాళ్ళకి చెట్లు తెలియవు. ఏ చెట్టు తరువాత ఏ చెట్టో దగ్గరుండి చూపించేది కీమేనే. అందుకే నాలుగు ప్రతులు. నాలుగో ప్రతి అడుగున 'నకలు: కీమేన్‌కు' అని ప్రతి ఏడూ రాసేది నేనే, ఆ ఏడూ రాశాను. ఆయన దాన్ని తలకి ఆనించుకుని జేబులో పెట్టుకుని ఉంటాడు. మూడో నెంబరు చూసే ఉంటాడు. చూసి, గ్యాంగుని పదకొండో పోలు దగ్గరికి తీసుకెళ్ళి, ఇదేనని వేలు పెట్టి చూపించి ఉంటాడు. కాగితంలో ఉంది కదా.

వెనక్కి వెళ్ళి చెప్పాల్సింది. ఐదు పోళ్ళ దూరం. బురదగా ఉంది, అలసటగా ఉంది, రేపు చెబుదామనుకున్నాను. ఆ తరువాత ఆయన నాలుగేళ్ళు పనిచేశాడు. రోజూ కనపడేవాడు, రోజూ బాబూ అని పిలిచేవాడు. ఏటా ఏప్రిల్‌లో చెట్ల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, గుమ్మంలో నిలబడకుండా వెళ్ళిపోయేవాడు. అది ఒక్కటే మారింది. రిటైరైన రోజు దండ వేసింది నేనే. అప్పుడైనా చెప్పలేదు.

ఇప్పటికీ వాన వెలిసిన ప్రతిసారీ స్టేషన్ చూరు వైపు చూస్తాను. మొద్దు ముక్కుల ఇంటి పిచ్చుకలే ఉంటాయి. గ్రూపులో అందరూ ఆయనకి దండం బొమ్మలు పెట్టారు, నేనూ ఒకటి పెట్టాను. మావయ్యా, మూడో నెంబరు. గ్యాంగువాళ్ళు కాదు, రాసింది నేనే. నీకు తెలుసు.